రాని పొగ

మేం చేసే పనికి, కూలీ ఇచ్చే ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది మాకు నోరు తిరగదు. మేం మాత్రం పాపిట తీయడం అంటాం. గడ్డి మైదానం మధ్యలోంచి సన్నగా ఒక బారు కాల్చుకుంటూ పోతే, దూరం నుంచి చూసేవాళ్ళకి ఒత్తు జుట్టులో దువ్వెన పెట్టి పాపిట తీసినట్టే ఉంటుంది. ఎండలు ముదిరాక ఎక్కడైనా నిప్పు అంటుకుంటే, అది ఈ పాపిట దాకా వచ్చి ఆగిపోవాలి. అవతలి పక్కనున్న గడ్డి, చెట్లు, నేలమీద గూళ్ళు పెట్టుకునే పిట్టలు మిగలాలి. అదీ సంగతి.

గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉన్నప్పుడే ఈ పని అవ్వాలి. పొద్దున్నే మంచు ఆరీ ఆరకముందే మొదలుపెడతాం. తడి ఉంటుంది కాబట్టి మంట మోకాలు దాటదు, పరుగులు తీయదు, మధ్యాహ్నానికి దానంతటదే నీరసపడి పడుకుంటుంది. ముందు ఒకరు చమురు డబ్బా మూతి వంచి చుక్కలు చుక్కలుగా నిప్పు కారుస్తూ నడుస్తారు. వెనక మేం కర్రలకి కట్టిన రబ్బరు పట్టీలతో అంచులు ఆర్పుకుంటూ వస్తాం. పట్టీతో మంటని కొట్టకూడదు, అదిమి పట్టాలి. కొడితే నిప్పురవ్వలు ఎగురుతాయి. కొత్తలో నేను కొట్టేదాన్ని. మొగుడి మీది కోపం గడ్డి మీద చూపించకే అని మేస్త్రమ్మ అనేది. ఆవిడ అసలు పేరు ఎవరం వాడం. మా ఆడవాళ్ళందరి చేతా పని చేయించేది ఆవిడే కాబట్టి మేస్త్రమ్మ.

తడిగడ్డికి మంట తక్కువ, పొగ ఎక్కువ. తెల్లగా, బరువుగా, నేల వదలడం ఇష్టం లేనట్టు లేస్తుంది.

పాపిటకీ పాపిటకీ మధ్య మిగిలిన ముక్కల్లో గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. అది పండి, విత్తనం రాలాక కోస్తాం. పొడుగు పోచలు ఇంటికప్పులకి, మెత్తనివి చీపుళ్ళకి. గోదాము లారీ మా షెడ్డు దగ్గరికే వచ్చి ఎత్తుకెళ్తుంది. మా ఇళ్ళలో ఏడాది గడిచేది దాంతోనే. పాపిట పనికి వచ్చినవాళ్ళకే కోతలో వాటా. నిప్పు దగ్గరికి రానివాళ్ళకి గడ్డి లేదు. ఈ నియమం ఆఫీసు పెట్టింది కాదు, మేమే కూచుని అనుకున్నది. అంతకుముందు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు పచ్చిదీ పండిందీ చూడకుండా కోసుకుపోయేవాళ్ళు. మిగిలినదాన్ని ఎండల చివర పెద్దమంట తినేసేది. మగవాళ్ళు చెట్లు నరికి బొగ్గు కాల్చేవాళ్ళు. చెట్లు పలచబడ్డాక బొగ్గూ పోయింది, వాళ్ళూ బయటి పనులకి పోయారు. మా ఆయన బోరు బండి మీద వెళ్ళాడు. నేల ఎక్కడ తవ్వమంటే అక్కడ ఉంటాడు. ఫోన్ చేస్తే ఆయన గొంతుకంటే బండి చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

పెద్దమంట ఎలా ఉంటుందో నేను పెళ్ళయి వచ్చిన ఏడు చూశాను. పట్టపగలు దీపం పెట్టుకున్నాం. మూడు రోజులు తలుపుల సందుల్లో తడిబట్టలు కుక్కుకుని కూచున్నాం. అది మళ్ళీ రాకుండా ఉండటానికే ఈ పాపిటలు. నాకిదంతా తెలుసు. తెలియక చేస్తున్న పని కాదు.

మా పాపని పిచ్చుక అని పిలుస్తాం. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. మాటలు కొద్దిగా వచ్చాయి, అన్నీ కావు. నేను పనికెళ్తే అత్తయ్య దగ్గర ఉంటుంది. దాని ఛాతీ మీద చెవి పెట్టి వినడం నాకు పుట్టినప్పటినుంచీ అలవాటు. నిద్రలో ఒకసారి, లేచాక ఒకసారి. అత్తయ్య చూసి, నువ్వలా వింటూ ఉంటే లేని రోగం కూడా మొహమాటానికి వచ్చి కూచుంటుంది అనేది.

ఈసారి పాపిటలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ చప్పుడు వచ్చింది. పిల్లికూతలు అంటారు గానీ పిల్లి కూసినట్టు ఉండదు. నూనె లేని తలుపు ఎక్కడో లోపలి గదిలో మెల్లగా తెరుచుకుంటున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. ఎత్తుకుని ఆసుపత్రికి నడిచాను. మాకు దగ్గర్లో ఉన్నది ఒక్క నర్సమ్మ కూచునే చిన్న ఆసుపత్రి. ఆవిడ పాప మొహానికి గొట్టం తగిలించి మందు ఆవిరి పట్టింది. చప్పుడు తగ్గాక నావైపు తిరిగింది.

"ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగుతారా?"

"లేదండీ."

"కట్టెల పొయ్యా?"

"గ్యాసేనండీ."

"మరి పొగ ఎక్కణ్ణించి తగులుతోంది దీనికి?"

నేను నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ మసి. ఆవిడ కూడా చూసింది. నా జుట్టు ఎలా వాసన కొడుతోందో ఆ చిన్న గదిలో వేరే చెప్పక్కర్లేదు. పొగకి దూరంగా ఉంచు, మళ్ళీ ఇలా వస్తే ఇక్కడికి కాదు పెద్దాసుపత్రికే తీసుకెళ్ళాలి, అప్పుడు నా చేతుల్లో ఉండదు అని చెప్పింది.

ఇంటికి వచ్చాక అత్తయ్య, నీ మొగుడికీ చిన్నప్పుడు ఇలాగే ఉండేది, పెద్దయ్యాక అదే పోయింది అంది. ఓదార్పుకి అందో, మీ వైపు నుంచి రాలేదులే అని అందో తెలియదు. నాకు కోపం రాలేదు. ఆ సాయంత్రం నుంచి నాకు ఏదీ సరిగ్గా తగలడం మానేసింది. తిమ్మిరెక్కిన కాలి మీద నడుస్తున్నట్టు ఉండేది. నడుస్తున్నానని తెలుస్తుంది, నేల తెలియదు.

మర్నాడు మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, నిప్పు పని కాకుండా ఇంకేదైనా ఇమ్మని అడిగాను. నీళ్ళ డబ్బాలు మోస్తాను, పట్టీలు కుడతాను, షెడ్డు ఊడుస్తాను అన్నాను. ఆవిడ చెడ్డది కాదు. పాపకి ఎలా ఉందని ముందు అడిగింది. తన చిన్నప్పుడు తమ్ముడికి ఇలాగే ఉండేదని చెప్పింది, ఆ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడో మాత్రం చెప్పలేదు. తరవాత అసలు సంగతికి వచ్చింది. నిన్ను వదిలేస్తే ఇంకొకతి నడుం నొప్పి అంటుంది, మరొకతి కళ్ళ మంట అంటుంది, చివరికి నేనొక్కదాన్నే చమురు డబ్బా పట్టుకుని తిరగాలి అంది.

"నిన్ను రావద్దనను, రమ్మని బలవంతం చెయ్యను. రాకపోతే మాత్రం వాటా అడక్కు. నా కూతురైనా ఇదే మాట."

నువ్వు రాకపోయినా పొగ వస్తుంది కదే, నువ్వు మానేస్తే దానికి ఒరిగేదేముంది అని కూడా అంది. అదీ నిజమే. నేను ఇంట్లో కూచుని పాపని ఒళ్ళో పెట్టుకున్నా, పాపిట పొగ మా గుమ్మంలోకి వస్తుంది. అంటే కదలాల్సింది నేను కాదు, పాప.

మా అక్కా బావా పట్నంలో ఉంటారు. బస్సు ఊళ్ళన్నీ తిరుగుతూ పోతుంది కాబట్టి సగం పూట, నేరుగా చూస్తే అంత దూరం కాదు. బావది ఇస్త్రీ కొట్టు, కింద కొట్టు, పైన ఒక గది, దానిపైన డాబా. డాబా నిండా దండేలు, దండేల నిండా ఊళ్ళోవాళ్ళ బట్టలు. బొగ్గుల పెట్టెలు ఎప్పుడో తీసేశారు, అన్నీ కరెంటువే. గదిలో ఉతికిన బట్టల వాసన తప్ప ఇంకేమీ ఉండదు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. అక్కా ఎత్తదు. నేను ఫోన్ చేసి సంగతి చెప్పి, పాపిటలు అయ్యేదాకా ఉంచుకుంటావా అన్నాను. ఎప్పుడు తెస్తున్నావు అంది అక్క.

నేను వెళ్ళేసరికి మంచం పక్క గోడకి మెత్తటి గుడ్డ కొట్టి ఉంది, తల తగలకుండా. చిన్న కంచం, చిన్న గ్లాసు, కాళ్ళకి చప్పుడు చేసే చెప్పులు కొని పెట్టారు. బావ ఆ చెప్పుల్లో వేళ్ళు దూర్చి బల్లమీద నడిపించి పాపని నవ్వించాడు. నీ కూతురు తిరిగొచ్చేసరికి కాలరు ఇస్త్రీ చెయ్యడం నేర్చేసుకుంటుంది, తరవాత పోటీ కొట్టు పెట్టించి మా కొట్టు మూయించకు అన్నాడు నాతో. అందరం నవ్వాం. పాప నిద్రపోయాక వెళ్ళిపో, చూస్తే ఏడుస్తుంది అని అక్క చెప్పింది. అలాగే వెళ్ళిపోయాను. బస్సులో నా ఒడి తేలిగ్గా ఉంది. దాంట్లో సంచి పెట్టుకున్నాను.

తరవాతి రోజులు ఒకదాని పక్కన ఒకటి అలా ఉన్నాయి. లేచేదాన్ని, వెళ్ళేదాన్ని, అదిమేదాన్ని, వచ్చేదాన్ని. పాప పడుకునే చోట చెవి పెట్టబోయి దిండు తగిలి ఆగేదాన్ని. సాయంత్రాలు అక్క ఫోన్ చేసి చెప్పేది. తింది. ఆడింది. పిల్లికూతలు లేవు. మొదట్లో బాగా ఏడ్చింది, ఇప్పుడు లేదు. ఎలా మాన్పించావు అని అడిగితే, ఏదో మాటల్లో పెట్టాలే అనేది. మా ఆయన ఒకసారి బండి చప్పుడు మధ్య, మంచి పని చేశావు అన్నాడు. ఏది అని అడిగేలోపు లైను పోయింది.

ఆ మధ్యలోనే ఆఫీసు నుంచి గడ్డి సారు వచ్చాడు. ఆయన ఏ పోచ చూసినా వంగి ముట్టుకుంటాడు కాబట్టి మేం పెట్టిన పేరు అది. మంచివాడు. మా షెడ్డులోనే కింద కూచుంటాడు, కుర్చీ వెయ్యనివ్వడు. ఒక అట్టమీద రెండు గుట్టలు గీసి తెచ్చాడు. పెద్ద గుట్ట, పెద్దమంట వచ్చే రోజుల్లో ఈ మైదానం నుంచి ఏటా లేచిన పొగ. చిన్న గుట్ట, పాపిటలు తీయడం మొదలుపెట్టాక లేస్తున్న పొగ. రెండింటికీ మధ్య ఉన్న తేడా, రాని పొగ. ఎక్కడో దూరాన ఉన్న కంపెనీలు తాము వదిలే పొగకి బదులుగా ఆ రాని పొగకి డబ్బు కడతాయట. మా కూలీ, రబ్బరు పట్టీలు, షెడ్డు రేకులు, అన్నీ దాంట్లోంచేనట.

షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఉన్నదానికి డబ్బులివ్వడం విన్నాం గానీ రానిదానికి ఇవ్వడమేంటని ఒకరు. చమురు డబ్బా పట్టే వదినకి నోరెక్కువ.

"అయితే సార్, మా ఆయన పంపని డబ్బులకి కూడా ఎవరైనా డబ్బులిస్తారేమో కనుక్కోండి."

దాంతో అందరికీ ఊపొచ్చింది. మా అత్తని నేను తిట్టని తిట్లకి లెక్క కడితే ఈపాటికి మేడ కట్టేదాన్నని ఒకామె అంది. మేస్త్రమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సారు చాలాసేపు నవ్వాడు. నవ్వు సద్దుమణిగాక నా నోట్లోంచి మాట వచ్చింది. అడగాలని కూచోలేదు.

"మరి వచ్చిన పొగ ఎవరి లెక్కలో వేస్తారు సార్?"

ఆయన వెటకారంగా తీసుకోలేదు. అట్ట నావైపు తిప్పి చిన్న గుట్ట మీద వేలు పెట్టాడు.

"అది ముందే తీసేస్తామమ్మా. వచ్చింది తీసేయగా మిగిలిందే రానిది."

నేను ఏడో తరగతి సగంలో బడి మానేశాను. మా అమ్మ మంచాన పడింది, తమ్ముణ్ణి చూసుకునేవాళ్ళు లేరు. తీసివేతలు మాత్రం బాగా వచ్చు. ఆయన చెప్పింది సరిపోయింది. ఎక్కడా మోసం లేదు. మా పిచ్చుక ఛాతీలోకి పోయింది ముందే తీసేశారు. తీసేశాక కూడా చాలా మిగిలింది, ఆ మిగిలింది మంచిదే. మా ఇళ్ళ వైపు పాపిటలు మాత్రం గాలి మైదానం వైపు పోయే రోజుల్లో తీయొచ్చేమో అని అడిగాను. గాలి అటు తోస్తే నిప్పు గడ్డి లోపలికి పరిగెత్తే ప్రమాదం ఉందని, ఆలోచిస్తామని చెప్పాడు. రాసుకున్నాడు కూడా.

ఒకరోజు గాలి బాగా లేదని పని ఆపేశారు. ఆ పూటే బస్సెక్కాను. ముందు తలంటుకున్నాను. సబ్బు సగానికి సగం అరిగిపోయింది. నీళ్ళు తెల్లగా పోయేదాకా పోసుకున్నాను. పెట్టె అడుగున ఉన్న బట్టలు తీసి కట్టుకున్నాను. పాప దగ్గరికి ఒక్క పిసరు పొగ కూడా తీసుకెళ్ళకూడదని.

అక్క వాళ్ళు డాబా మీద ఉన్నారు. పాప బుగ్గలు వచ్చాయి. చప్పుడు చెప్పులు వేసుకుని ఆరేసిన దుప్పట్ల కిందనుంచి దూరుతోంది. నన్ను చూసి ఆగింది. బట్టలు ఇవ్వడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. బెదరలేదు, దగ్గరికీ రాలేదు.

"అమ్మ వచ్చిందే," అంది అక్క.

పాప వెంటనే వెనక్కి తిరిగి పిట్టగోడ వైపు పరిగెత్తింది. అక్కడ ఒక బకెట్టు బోర్లించి ఉంది. దానిమీదికెక్కి, గోడ పట్టుకుని, ఇళ్ళ కప్పుల అవతలికి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత మావైపు తిరిగి రెండు చేతులూ తిప్పింది.

"అమ్మ లేదు."

అక్క మొహం ఎర్రబడింది. దిగి రామ్మా అంటూ పాపని దించబోయి, ఆపి, నాకు చెప్పింది. మొదటి రోజుల్లో ఆపకుండా ఏడ్చేదట. ఈ డాబా మీద నుంచి పొద్దున పూట మా మైదానం వైపు పొగ కనిపిస్తుంది, సన్నగా, తెల్లగా. ఏం చెయ్యాలో తోచక ఎత్తుకుని చూపించి, అదిగో అమ్మ, అక్కడ పని చేసుకుంటోంది అందట. ఏడుపు ఠక్కున ఆగిపోయిందట. అప్పటినుంచి లేవగానే డాబా ఎక్కాలి. పొగ చూశాకే పాలు. లారీ వెనక పొగ వచ్చినా, ఎదుటి హోటల్లో ఆవిరి లేచినా వేలు చూపించి అమ్మ అంటుందట.

"నేను నువ్వున్న చోటు చూపించానే. అది దాన్నే నువ్వనుకుంది."

పర్లేదులే అక్కా అన్నాను. ఆ రోజు మేం గాలికి పని ఆపాం కాబట్టి పొగ లేదు. అందుకని అమ్మ లేదు. దాంట్లోనూ తప్పేం లేదు.

పాపని దగ్గరికి తీసుకుని ఛాతీకి చెవి ఆనించాను. ఊరుకుంది. లోపల ఏ చప్పుడూ లేదు. గాలి వస్తోంది, పోతోంది, ఏ తలుపూ తగలకుండా. ఎన్నాళ్ళుగానో ఆ చప్పుడు లేకపోవడం కోసమే వింటున్నాను. ఇప్పుడు వింటున్నాను. సంతోషపడాలని తెలుస్తోంది. అన్నం పెడితే తిన్నాను. బావ ఏదో హాస్యమాడితే నవ్వాను. సాయంత్రం బస్సుకి బయల్దేరితే పాప టాటా చెప్పింది, బాగా చెప్పింది, అక్క నేర్పింది.

మర్నాడు మళ్ళీ పాపిట. వంగి అదుముతూ ఉంటే, బోర్లించిన బకెట్టు కళ్ళముందుకి వచ్చింది. ఇప్పుడు లేచి ఉంటుంది. ఇప్పుడు మెట్లు ఎక్కుతూ ఉంటుంది. ఆ వేళకి నా దగ్గర మంట పలచబడి పొగ సన్నగా పోతోంది. అంత దూరం కనిపిస్తుందో లేదో. పక్కనున్న పచ్చిగడ్డి రెండు చేతులా పీకాను. తడి తడిగా ఉంది. నిప్పు మీద వేశాను. ఇంకా పీకి వేశాను. పొగ ఒక్కసారి లావుగా, దుప్పటి దులిపినట్టు లేచింది. తలెత్తి చూశాను. నిటారుగా పైకి పోయింది. నిలబడి చూస్తూ ఉన్నాను.

మేస్త్రమ్మ అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఏంటే ఆ పొగ? ఊరందరికీ వండుతున్నావా?" అంటూ నా చేతిలోంచి గడ్డి లాగేసింది. అప్పటికే పొగ వంగింది. ఇళ్ళ వైపే వంగింది. ఆవిడ దాన్నీ, నన్నూ చూసింది. నా కూతురు అక్కడ లేదు గానీ, వేరేవాళ్ళ పిల్లలు ఉన్నారు. ఆ సంగతి ఆవిడ నోటితో అనలేదు. పట్టీ తీసుకుని తనే అదిమి ఆర్పింది. నేను పక్కన నిలబడ్డాను. ఎందుకు చేశావని అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. అడగలేదు. పోయి నీళ్ళు తాగిరా అంది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ రోజూకంటే ముందే వచ్చింది. గొంతు మారిపోయి ఉంది, చిన్నప్పుడు బడిలో ఏదైనా బహుమతి వస్తే మాట్లాడే గొంతు.

"ఇవాళ నన్ను పిలిచిందే. ఇన్నాళ్ళకి మొదటిసారి. డాబా మీద నుంచి గట్టిగా, పెద్దమ్మా, పెద్దమ్మా అని రెండుసార్లు. నేను కింద కొట్టులో ఉన్నాను. మీ బావ కూడా విన్నారు."

ఏ వేళప్పుడు అని అడిగాను. పొద్దున, లేచిన కాసేపటికే అంది. ఇంకా పాలైనా తాగలేదట. మెట్లు ఎక్కేసరికి గోడ పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉందట.

అది ఎటు చూస్తూ అందని నేను అడగలేదు. నేను లేపిన పెద్ద పొగ చూసి పెద్ద అమ్మ అందని నాకు తెలుసు. చిన్న పొగ అమ్మ అయితే పెద్ద పొగ పెద్ద అమ్మే కదా. అక్క ఏడుస్తోంది, ఏడుస్తున్నట్టు తెలియకూడదని ముక్కు చీదుతోంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. నిన్ను పిలవక ఇంకెవర్ని పిలుస్తుందిలే అక్కా అన్నాను. ఆ ఒక్క పిలుపూ అక్కకి ఒకలా, నాకు ఒకలా ఉండిపోయింది.

ఆఖరి పాపిట అయ్యాక పాపని తీసుకురావడానికి వెళ్ళాను. అక్క బట్టలు సర్దలేదు. పక్కన కూచుని, పక్క వీధిలో చిన్నపిల్లల బడి ఉంది, వచ్చే ఏడు వెయ్యొచ్చు అని మొదలుపెట్టింది. ఇక్కడ ఒంట్లో బాగుంది, ఊపిరి బాగుంది, నువ్వు మళ్ళీ పనికి పోయేదానివే, ప్రతి ఏడూ తెచ్చి తీసుకెళ్ళి దాన్ని తికమక పెట్టడమెందుకు అంది. అన్నీ ఆలోచించి పెట్టుకున్న మాటలు. నన్ను పెద్దమ్మా అంటోంది కూడా అంది చివర, మెల్లగా. ఆ ఒక్క మాట దగ్గరే నేను తల దించుకున్నాను.

మా ఆయనకి ఫోన్ చేస్తే నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టం ఏంటో వెతికాను. వేళ్ళతో తడిమితే తగిలేలా ఏమీ లేదు. కోతల్లో పొగ ఉండదు, పాపిటలు మళ్ళీ వచ్చేదాకా ఉండదు, అప్పటిదాకా నా దగ్గర ఉండొచ్చు అని మాత్రం తెలుసు. అదే చెప్పాను. అక్క లేచి, చిన్న కంచం, చిన్న గ్లాసు కాగితంలో చుట్టింది. మళ్ళీ విప్పి, అవి ఇక్కడే ఉండనీలే అని అలమరలో పెట్టింది. బావ బస్సు దాకా వచ్చాడు. హాస్యాలేమీ ఆడలేదు.

ఇంటికొచ్చాక పాప కొన్నాళ్ళు గుమ్మంలో నిలబడి మైదానం వైపు చూసేది. పొగ లేదు. తరవాత మానేసింది. నన్ను ఏమనీ పిలవదు. ఏదైనా కావాలంటే వచ్చి నా బట్ట పట్టుకుని లాగుతుంది. పడుకున్నప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటుంది. వీపు మీదే చెవి పెట్టి వింటాను. శుభ్రంగా ఉంది. నర్సమ్మ కూడా చూసి, ఇప్పుడు బాగుంది, ఇలాగే పొగకి దూరంగా ఉంచు అంది.

కోతలు మొదలయ్యే ముందు రోజు అందరం షెడ్డులో కూచున్నాం. గడ్డి ముక్కలు పంచాలి. పంచే ముందు మేస్త్రమ్మ వచ్చే ఏడు మాట తీసుకుంటుంది. ఒకసారి ఇద్దరు కోత కోసుకుని పాపిటల వేళకి మొహం చాటేశారు, అప్పటినుంచి ఇలా. మాట ఇచ్చినవాళ్ళకే ఈసారి వాటా. అట్ట మీది రెండు గుట్టలు గోడకి వేలాడుతున్నాయి. గడ్డి సారు మా ఇళ్ళ వైపు పాపిటల సంగతి ఈసారికి కుదరలేదని, పై ఏడు చూస్తామని కబురు పంపాడు. మేస్త్రమ్మ ఆ కబురు అందరికీ చెప్పింది గానీ, చెబుతున్నంతసేపూ నావైపే చూసింది.

నేను చెయ్యి ఎత్తకపోతే ఈ ఏడు గడ్డి లేదు. గడ్డి లేకపోతే బోరు బండి పంపినప్పుడు తినాలి, పంపనప్పుడు లేదు. నాలాంటివాళ్ళు నలుగురు మానేస్తే పాపిటలు సగమే పడతాయి, మూడు రోజులు తడిబట్టలు కుక్కుకునే మంట మళ్ళీ వస్తుంది. చెయ్యి ఎత్తితే, మంచు పడే రోజులకి మళ్ళీ ఆ బస్సు, ఆ డాబా. అప్పటికి పాపకి ఇంకా మాటలు వస్తాయి. ఏమని పిలవాలో తనే అనుకుంటుంది.

"వచ్చే ఏడు పాపిటలకి ఎవరెవరున్నారో చేతులెత్తండి," అంది మేస్త్రమ్మ.

చమురు డబ్బా వదిన ముందు ఎత్తింది. తరవాత అటు చివరి నుంచి ఒక్కొక్కటీ. నాది కూడా లేచింది. ఎవరిదో చెయ్యి లేచినట్టు చూశాను.

పిచ్చుక నా ఒళ్ళో కూచుని ఉంది. పైనున్న నా చెయ్యి చూసి, తనదీ ఎత్తింది. వేళ్ళు బాగా చాపి, ఎంత ఎత్తుకి అందితే అంత ఎత్తుకి. షెడ్డంతా గొల్లుమంది. ఇదిగో, మన జట్టులోకి కొత్త మనిషి వచ్చింది, దీనికి పొట్టి పట్టీ ఒకటి కుట్టండి అంది వదిన. మేస్త్రమ్మ మాత్రం నవ్వలేదు.

పాప చెయ్యి పట్టుకుని కిందికి దించాను. అందరూ నవ్వుతున్నారని మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించి, ఈసారి వదలకుండా నా ఎడమచేత్తో ఒళ్ళోనే పట్టుకున్నాను. విడిపించుకోవాలని గింజుకుంది. మేస్త్రమ్మ అటు చివరి నుంచి లెక్క మొదలుపెట్టింది. ఆవిడ నా దాకా వచ్చి, నన్ను దాటి వెళ్ళేదాకా కుడిచెయ్యి అలాగే పైకి ఎత్తి ఉంచాను.